ప్లగ్గు పీకేస్తే పరిణతా?

పోయిన శనివారం సాయంత్రం నల్లగండ్ల వైపున్న ఒక కెఫేలో కూర్చుని మా పాత బ్యాండు పాడుతుంటే విన్నాను. "మా" అనొచ్చో లేదో తెలీదు, నేను అందులోంచి బయటికొచ్చి చాలా ఏళ్ళయింది. రెండు గిటార్లు, తాళానికి ఒక చెక్కపెట్టె (దాని సంగతి తర్వాత చెప్తా), పాడటానికి ఒక కొత్తమ్మాయి. వెనకాల గోడ మీద నియాన్ దీపాలతో ఏదో సూక్తి. టేబుల్ మీద రెండొందల ఎనభై రూపాయల ఫిల్టర్ కాఫీ. (అదే కాఫీ చందానగర్ మెయిన్ రోడ్డు మీద పాతికకి దొరుకుతుంది. ఆ ఏడుపు ఇంకో టపాలో.)

మొదటి పాట అయ్యాక మైకు పట్టుకున్న కుర్రాడు లేచి, వీళ్ళు ఒకప్పుడు సైకెడెలిక్ రాక్ అంటూ తెగ గోల చేసేవాళ్ళనీ, ఇప్పుడు మెచ్యూర్ అయ్యి చక్కగా సింపుల్‌గా అకూస్టిక్ పాటల్లోకి వచ్చేశారనీ చెప్పాడు. అందరూ చప్పట్లు. నా పక్కన కూర్చున్న మా డ్రమ్మర్ కూడా కొట్టాడు.

డ్రమ్మర్ స్టేజీ మీద లేకుండా నా పక్కన కూర్చుని కాఫీ ఎందుకు తాగుతున్నాడు? ఈ టపా అంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

ముందే ఒక మాట చెప్పేస్తా. అకూస్టిక్ గిటారు మీద నాకేం పగ లేదు. మెత్తటి పాటంటే ఇష్టమే. 2007లో 'హ్యాపీ డేస్' వచ్చినప్పుడు మిక్కీ జె. మేయర్ పాటల్ని ఆఫీసు క్యాబ్‌లో నెలల తరబడి విన్నవాణ్ణి. నా గొడవంతా ఆ "మెచ్యూర్" అన్న మాటతోనే. మనం పని చేసే చోట దీన్ని రోజూ చూస్తుంటాం కదా. బడ్జెట్ లేక సగం ఫీచర్లు పీకేస్తారు, దానికి "సింప్లిఫికేషన్" అని పేరు. టీములో ముగ్గుర్ని తీసేస్తారు, అది "రైట్ సైజింగ్". పీకడం తప్పని నేననను, డబ్బుల్లేకపోతే ఎవడైనా ఏం చేస్తాడు? పీకాం అని చెప్పకుండా ఎదిగాం అని చెప్పుకోవడం చూస్తేనే ఒళ్ళు మండుతుంది.

కాస్త వెనక్కి వెళ్తాను. 2006లో మేం నలుగురం. అందరం సాఫ్ట్‌వేరే. చందానగర్‌లో ఒక నాలుగంతస్తుల బిల్డింగు మీద, వాటర్ ట్యాంకు పక్కన ఒక రేకుల గది అద్దెకి తీసుకున్నాం. ఎండాకాలం లోపల కూర్చుంటే గిటారు తీగలు కూడా చెమట పట్టేవి. ఒక హాబ్నర్ గిటారు, దాన్ని రకరకాలుగా అరిపించడానికి ఒక జూమ్ 505 పెడలు, ఒక స్ట్రేంజర్ యాంపు, ఒక పాత కీబోర్డు, నా బేస్. డ్రమ్మర్ కిట్టు ఒక చర్చి వాళ్ళు కొత్తది కొనుక్కుని పాతది అమ్మేస్తుంటే కొన్నది. వాడు డ్రమ్స్ నేర్చుకున్నది కూడా చర్చిలోనే. మన దగ్గర మంచి డ్రమ్మర్లు చాలామంది అక్కణ్ణుంచే వస్తారు, ఈ సంగతి ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

మాకు పింక్ ఫ్లాయిడ్ పిచ్చి. 1971 నాటి వాళ్ళ 'మెడిల్' ఎల్పీలో రెండో వైపంతా ఒకటే పాట, ఇరవై మూడు నిమిషాలు. అంత పాట మనమూ చేద్దాం అనుకున్నాం. అంత రాలేదుగానీ పదకొండు నిమిషాల దాకా వచ్చింది. తెలుగులో. కీబోర్డు వాడు రాశాడు మాటలు. రాత్రి షిఫ్టు అయ్యాక ఖాళీగా పోయే ఎంఎంటీఎస్ గురించి. లింగంపల్లి దగ్గర పట్టాలు మారే చోట బండి చేసే చప్పుడుంటుంది చూశారూ, దాన్ని పట్టుకుని డ్రమ్మర్ ఒక తాళం కట్టాడు. ఏడు దెబ్బల లెక్క. తకిట తకధిమి, తకిట తకధిమి. మిశ్రచాపు! వాడికి ఆ పేరు తెలీదు. సంగీతం నేర్చుకున్న మా అక్క విని చెప్తే, "అవునా, నాకు రైల్లో వినపడింది" అన్నాడు.

ఆ పాటే పోయిన శనివారం కెఫేలో పాడారు. మూడు నిమిషాల పది సెకన్లు. ఫోనులో టైమ్ చూశా, అబద్ధం కాదు. రైలు కాస్తా ప్రేమ పాట అయిపోయింది. ఏడు లెక్క నాలుగైంది. నాలుగు తీగల మెట్లు, గుండ్రంగా తిరిగి మళ్ళీ మొదటికి. వినడానికి బావుంది. నిజంగానే బావుంది, అదే నా బాధ.

ఇలాంటి మలుపు ప్రపంచంలో కొత్తేం కాదు. అందరికన్నా పెద్ద ఉదాహరణ గ్రేట్‌ఫుల్ డెడ్. మన వాళ్ళలో ఈ బ్యాండు గురించి పేరు తప్ప ఎక్కువ తెలిసినవాళ్ళు తక్కువ కాబట్టి కొంచెం వివరంగా చెప్తా, ఓపిక పట్టండి. చివరికి మన కథే అవుతుంది.

1965లో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల పుట్టిన బ్యాండు. సైకెడెలిక్ రాక్ అన్న మాటకి బొమ్మ గీయమంటే వీళ్ళని గీయొచ్చు. 1967లో వాళ్ళ రెండో రికార్డు చేస్తున్నప్పుడు గిటారిస్టు బాబ్ వియర్ ప్రొడ్యూసర్‌ని చిక్కటి గాలి చప్పుడు లాంటిది కావాలని అడిగాడట. ప్రొడ్యూసర్ డేవిడ్ హాసింజర్ విసిగిపోయి మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు. క్లయింటు కాల్‌లో "కొంచెం పాప్ అవ్వాలి" అన్న రిక్వైర్‌మెంట్ విన్న ప్రతివాడికీ ఆ హాసింజర్ మీద జాలి కలుగుతుంది.

మూడో రికార్డు ఇంకా ఘోరం. ఎనిమిది ట్రాకుల మిషను మీద మొదలుపెట్టారు. సగంలో ఉండగా కొత్తగా పదహారు ట్రాకుల మిషను వచ్చింది. చేసిందంతా పక్కన పడేసి మళ్ళీ మొదటి నుంచి రికార్డు చేశారు! మన భాషలో చెప్పాలంటే ప్రాజెక్టు సగంలో కొత్త ఫ్రేమ్‌వర్కు వచ్చిందని మొత్తం తిరగరాయడం. ఏమవుతుందో మీకు తెలుసు, వాళ్ళకీ అదే అయింది. 1969లో ఆ రికార్డు బయటికొచ్చేసరికి రికార్డు కంపెనీ వార్నర్ బ్రదర్స్‌కి లక్షన్నర డాలర్లకు పైగా బాకీ. ఆ రోజుల్లో లక్షన్నర డాలర్లంటే మాటలా.

1970 వచ్చింది. జనవరి ఆఖర్లో న్యూఆర్లీన్స్‌లో డ్రగ్స్ కేసులో పోలీసులు పట్టుకున్నారు. ఆ తర్వాత కొద్ది వారాలకే మేనేజరు డబ్బు నొక్కేసి పారిపోయాడు. ఆ మేనేజరు ఎవరనుకున్నారు? వాళ్ళ ఇద్దరు డ్రమ్మర్లలో ఒకడైన మికీ హార్ట్ కన్నతండ్రి. సరిగ్గా ఆ రోజుల్లో కూర్చుని వాళ్ళు చేసిన రికార్డు 'వర్కింగ్‌మాన్స్ డెడ్'. పొట్టి పాటలు, అకూస్టిక్ గిటార్లు, ముగ్గురు కలిసి గొంతు కలిపి పాడటం. నెలల తరబడి స్టూడియోలో దొర్లినవాళ్ళు దీన్ని చకచకా కొద్ది రోజుల్లో ముగించేశారు. అదే ఏడాది నవంబరుకల్లా 'అమెరికన్ బ్యూటీ' వచ్చింది. అదీ అదే దారి. ఇవాళ్టికీ వాళ్ళ స్టూడియో రికార్డుల్లో జనం ముందు తలుచుకునేవి ఈ రెండే.

అంటే అప్పుల వల్లే మెత్తబడ్డారా? అప్పులు ఒక కారణం, కాదనడానికి లేదు. స్టూడియోలో గంట గంటకీ మీటరు తిరుగుతుంటే పొట్టి పాటలు నేర్చుకుని వెళ్ళడం తెలివైన పని. కానీ అదొక్కటే కాదు. జెర్రీ గార్సియా రాక్‌లోకి రాకముందు బాంజో వాయించినవాడు. జానపదం వాడికి అరువు సొమ్ము కాదు, పుట్టింటి సొమ్ము. రాబర్ట్ హంటర్ అనే కవి అప్పటికి వాళ్ళతో పూర్తిగా కలిసి రాస్తున్నాడు, ఆ మాటలు వినపడాలంటే చప్పుడు తగ్గాల్సిందే. క్రాస్బీ, స్టిల్స్, నాష్ కలిసి పాడే పద్ధతి చూసి గొంతులు కలపడం నేర్చుకోవాలని వాళ్ళకి ముచ్చట పుట్టింది. ఇవన్నీ లోపలి నుంచి వచ్చిన కారణాలు.

ఇప్పుడు మన కెఫే కుర్రాళ్ళకి ఎవరూ చెప్పని ముక్క. అదే 1970లో వాళ్ళ కచేరీలు ఎలా ఉండేవో తెలుసా? మొదట అకూస్టిక్ పాటలు. తర్వాత మధ్యలో వాళ్ళ స్నేహితుల బ్యాండు. ఆ పైన కరెంటు పెట్టి, తెల్లారేదాకా పోయినా పోవచ్చు, ఆ పాత పొడుగు వాయింపులన్నీ. మే 2న బింగమ్టన్‌లో హార్పర్ కాలేజీలో చేసిన కచేరీ రికార్డు దొరుకుతుంది, వినండి. మొదటి గంటలో ఎంత నెమ్మదో, తర్వాత అంత పిచ్చి. 'డార్క్ స్టార్' అని వాళ్ళకో పాటుంది, 1969 లైవ్ రికార్డులోనే ఇరవై మూడు నిమిషాలు. మెత్తబడ్డాక రెండేళ్ళకి, 1972లో కూడా దాన్ని ముప్పై నిమిషాల పైన సాగదీసి వాయించారు. కొత్త గది కట్టుకున్నారు, పాతింటికి తాళం వెయ్యలేదు.

బీటిల్స్ సంగతి మనకి దగ్గర్లోనే జరిగింది. 1968 ఫిబ్రవరిలో రిషీకేశ్ వెళ్ళారు. అంతకు ముందేడాదే 'సార్జంట్ పెప్పర్' లాంటి రంగులరాట్నం చేసినవాళ్ళు, ఆశ్రమంలో చేతిలో ఉన్న మామూలు గిటార్లతో పాటలు కట్టుకున్నారు. డోనవన్ దగ్గర లెనన్ వేళ్ళతో మీటడం నేర్చుకున్నాడు. ఆ పాటలతో నవంబరులో వచ్చిన తెల్ల అట్ట రికార్డులో పక్షి మీద నిశ్శబ్దంగా సాగే పాటా ఉంది, చెవులు బద్దలయ్యే 'హెల్టర్ స్కెల్టర్' కూడా ఉంది. ఒకే మనిషి, మెకార్ట్‌నీ, రెండూ రాసింది!

కాబట్టి మెత్తబడటం తప్పు కాదు. నేను అడిగేది చిన్నది: మెత్తబడ్డాక గట్టిగా వాయించే హక్కు మీ దగ్గరే ఉందా, లేక గుమ్మం దగ్గర ఎవరైనా లాక్కున్నారా?

మా వాళ్ళ దగ్గర లాక్కున్నారు. నాకు తెలుసు, ఎందుకంటే ఆ మధ్యంతా ఫోన్లో విన్నా. మొదట్లో ఒక కెఫే వాళ్ళు (ఇప్పుడు పాడిన చోటు కాదు) డ్రమ్స్ అయితే వద్దన్నారు. కస్టమర్లు మాట్లాడుకోడానికి ఇబ్బందట! పాట వినే చోట మాట్లాడుకోడానికి ఇబ్బందట. సరే అని డ్రమ్స్ తగ్గించి బ్రష్షులతో వాయించారు. తర్వాత కిట్టుకి చోటు లేదన్నారు. అక్కడ ఇంకో నాలుగు కుర్చీలు పడతాయి కదా మరి. అప్పుడు వచ్చింది పెట్టె. కహోన్ అంటారు. పెరూ దేశంలో బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా వాళ్ళ చేతుల్లో పుట్టిన వాద్యం, తర్వాతెప్పుడో స్పెయిన్ ఫ్లమెంకో వాళ్ళు తెచ్చుకున్నారు. గొప్ప వాద్యమే. కానీ హైదరాబాదు కెఫేల్లో దాని ఉద్యోగం ఒకటే, డ్రమ్మర్ని తీసేయడానికి సాకు. మా వాడు రెండు నెలలు దాని మీద కూర్చున్నాడు. నడుం నొప్పి వచ్చింది, అసలు నొప్పి నడుముది కాదనుకోండి. ఆ తర్వాత నైట్ సపోర్టు పడింది, "కుదరట్లేదు మావా" అన్నాడు. వాడి స్థానంలో కాలేజీ పిల్లాడొకడు వచ్చాడు. ఎవరూ ఎవర్నీ తీసెయ్యలేదు. మన కంపెనీల్లో రాజీనామాలు ఎలా జరుగుతాయో అలాగే జరిగిపోయింది.

గిటారు వాణ్ణి ఒక్కణ్ణే అనడానికి మనసొప్పదు. ఊరు కూడా అలాగే తయారైంది. 2006లో మా రేకుల గది చుట్టూ సగం ఖాళీ ప్లాట్లు. ఓనరు అంకుల్ మెట్ల మీద నించుని "బాబూ, పది దాటింది" అని కేకేస్తే ఆపేసేవాళ్ళం, అంతే. ఇప్పుడు చందానగర్ నుంచి నల్లగండ్ల దాకా అపార్టుమెంటు మీద అపార్టుమెంటు. డ్రమ్ము మీద ఒక దెబ్బ పడితే రెండొందల ఫ్లాట్ల వాట్సాప్ గ్రూపు నిద్ర లేస్తుంది. రూలు కూడా వాళ్ళ వైపే ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ళున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది దాటాక 45. డ్రమ్ కిట్టు పక్కన నించుంటే వంద దాటుతుంది. 2022 సెప్టెంబర్‌లో జూబ్లీహిల్స్ పబ్బుల కేసులో తెలంగాణ హైకోర్టు రాత్రి పది తర్వాత మ్యూజిక్ వద్దని ఆదేశం కూడా ఇచ్చింది. పిల్లల పరీక్షలు, ముసలాళ్ళ నిద్ర... నాకూ ఇంట్లో ఇద్దరున్నారు, నేను ఆ రూల్ని తప్పు పట్టను.

కానీ చూడండి, రూలు పది తర్వాత అంటోంది. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా, తలుపులేసిన హాల్లో, కాస్త గోడలకి ఏదైనా మెత్తటిది కట్టుకుని డ్రమ్స్ వాయిస్తే ఎవరు కాదన్నారు? ఎవరూ కాదన్లేదు. ఎవరూ హాలు కట్టలేదు, అంతే. గచ్చిబౌలి, కొండాపూర్, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ కలిపి ఎన్ని లక్షల చదరపు అడుగుల గాజు నిలబెట్టామో మనకి బాగా తెలుసు, అందులోనే కూర్చుంటాం కాబట్టి. అందులో రెండొందల మంది నించుని పాట వినే గది ఎన్ని? బంజారాహిల్స్‌లో లామకాన్ 2010 నుంచి ఉంది, దానికి దండం. ఈ వైపు నుంచి అక్కడికి శుక్రవారం సాయంత్రం వెళ్ళి చూడండి, పాట మొదలయ్యేసరికి మీరింకా సిగ్నల్ దగ్గరే ఉంటారు.

ఇక రెండోది, ఫోను. స్పాటిఫై 2019లో మన దేశానికొచ్చింది. అక్కడ లెక్క ఏంటంటే పాట ముప్పై సెకన్లు వింటే ఒక ప్లే. మా పదకొండు నిమిషాల పాట ఒకసారి వింటే ఒకటి. మూడు నిమిషాల పాటని అదే టైములో మూడుసార్లు వింటే మూడు. పైగా మా పాటలో మొదటి ముప్పై సెకన్లూ రైలు దూరం నుంచి వస్తుంటుంది, వినేవాడు అప్పటికే పక్క పాటకి పోయుంటాడు. మెట్రిక్ ఎలా ఉంటే ప్రొడక్టు అలా వంగుతుంది, ఇది మనకి ఒకరు చెప్పాలా? బగ్గుల లెక్కన టెస్టర్లకి రేటింగు ఇచ్చిన ప్రాజెక్టులో పనిచేశా నేను. స్పెల్లింగు తప్పులన్నీ దొరికాయి.

మూడోది, తెలుగులో పాటంటే సినిమా పాట. పక్కన ఇంకో చెట్టు ఎదగడం కష్టం. చౌరస్తా బ్యాండు లాంటి వాళ్ళు వచ్చి, జానపదాన్నీ రెగేనీ కలిపి తెలుగులో సొంత పాటలు పాడితే ఎంత సంబరపడ్డానో. 2020 లాక్‌డౌన్ మొదట్లో వాళ్ళ కరోనా పాట మా అమ్మ ఫోనుకి కూడా వచ్చింది! తర్వాత రామ్ మిరియాల సినిమాల్లోకి వెళ్ళాడు, 2021లో 'జాతిరత్నాలు'లో చిట్టి పాట, 2022లో 'డీజే టిల్లు'. ఊరంతా పాడుకుంది. తప్పు పడతానా? పట్టను. అతని గొంతుకి ఆ పేరు రావాల్సిందే. పైగా అతనెక్కడా దీన్ని పరిణతి అని అమ్ముకున్నట్టు నేను చూళ్ళేదు. ఒక బ్యాండులో పుట్టిన గొంతుకి సినిమా తప్ప ఇంకో పెద్ద వాకిలి లేకపోవడమే నా దిగులు.

"అన్‌ప్లగ్డ్" అన్న మాట గురించి కూడా రెండు ముక్కలు. 1989లో ఎంటీవీ వాడు మొదలుపెట్టాడు ఈ షో. 1992లో ఎరిక్ క్లాప్టన్ అందులో కూర్చుని తన పాత అరుపుల పాటని జోలపాటలా పాడితే గ్రామీలు గుమ్మరించారు. 1960లలో క్రీమ్ బ్యాండులో చెవులు చిల్లులు పడేలా వాయించినవాడు కదా, అప్పణ్ణుంచీ కుర్చీలో కూర్చుని పాడితే పెద్దరికం, నించుని వాయిస్తే కుర్రతనం అన్న లెక్క ఖాయమైపోయింది. దానికి మించిన తమాషా 1993 నవంబరులో నిర్వానా చేసిన అన్‌ప్లగ్డ్. అందరూ ఆహా ఎంత స్వచ్ఛంగా ఉందో అంటారే, అందులో కర్ట్ కోబెయిన్ తన అకూస్టిక్ గిటారుని పెడల్స్‌లోంచి యాంపుకి పెట్టుకునే వాయించాడు. యాంపు కనపడకుండా మానిటర్ స్పీకర్ పెట్టెలా ముసుగేశారు. ప్రపంచంలో అందరికీ తెలిసిన ప్లగ్గు పీకిన కచేరీలో ప్లగ్గు పెట్టే ఉంది! స్వచ్ఛత అంతా చూసేవాడి కంట్లోనే. నల్లగండ్ల కెఫేలో కూడా రెండు గిటార్లూ వైర్లకే ఉన్నాయి, పాడే అమ్మాయి గొంతుకి రివర్బ్ ఉంది. పీకింది ఒక్క డ్రమ్మర్నే.

ఇక్కడిదాకా చదివి "కరెక్ట్ బాసూ, అమ్ముడుపోయారు వెధవలు" అని కాలర్ ఎగరేసే మన రాక్ మిత్రులకి కూడా కాస్త వడ్డిస్తా. అమ్ముడుపోవడానికి కొన్నదెవరు? మేం 2008లో మాదాపూర్ దగ్గర ఒక హాల్లో సొంత డబ్బులతో కచేరీ పెట్టాం. టికెట్టు వంద రూపాయలు. మా ఆఫీసుల్లో మెటల్ టీషర్టులు వేసుకుని తిరిగేవాళ్ళే యాభై మంది దాకా ఉండేవాళ్ళు. వచ్చింది పంతొమ్మిది మంది, అందులో ఆరుగురు పాసులు. వాళ్ళంతా ఆ వారం టొరెంటులో ఇరవై ఆల్బమ్‌లు దించుకుని ఉంటారు. బెంగుళూరులో పేరున్న బ్యాండు వస్తే వేలు పెట్టి బస్సెక్కారు, చందానగర్ వాడు తెలుగులో పాడితే వంద రూపాయలు బరువైంది. "తెలుగులో రాక్ ఏంటి మామా, కామెడీగా ఉంటుంది" అన్నవాళ్ళే ఇవాళ "ఆ పాత సౌండు పోయింది" అని ఏడుస్తున్నారు. పాత సౌండున్నప్పుడు ఏ టీ కొట్టు దగ్గరున్నారు నాయనా?

ఆ పాపంలో నా వాటా కూడా ఉంది. 2011లో ఆన్‌సైట్ వచ్చింది, రెండేళ్ళు. తిరిగొచ్చాక ఫ్లాటు, ఈఎంఐ. బేస్ గిటారు అమ్మేశాను, కొన్నవాడు దాన్ని చూసిన చూపు ఇంకా గుర్తుంది. నేను వదిలేసిన చోట గిటారు వాడు వదలకుండా వారం వారం ఎక్కడో ఒక చోట కూర్చుని వాయిస్తూనే ఉన్నాడు, పెళ్ళి సంగీత్‌లలో కూడా. ఇరవై ఏళ్ళు. వాడి మీద టపా రాసే అర్హత నాకెంతుందో నాకే అనుమానం. అయినా రాస్తున్నా, ఎందుకంటే వాడు నా కాల్ ఎత్తి "నువ్వే రాయి, నేనైతే తిట్లు రాస్తా" అన్నాడు. ఆ "మెచ్యూర్" మాట వాడిది కాదట. కెఫే వాళ్ళు పోస్టరు కోసం రాసుకున్నది. "మరి స్టేజీ మీద ఖండించలేదేం?" అన్నాను. "చెక్కు ఇంకా రాలేదు" అన్నాడు.

ఇందాక పాట బావుందన్నాను కదా. అది అయ్యాక డ్రమ్మర్ వైపు తిరిగి, "ఏడు లెక్క పీకేశారు చూశావా?" అన్నాను, వాడు కూడా మండిపడతాడని. వాడు కాసేపు కప్పులోకి చూసి, "మాటలు వినపడుతున్నాయి మావా ఇప్పుడు" అన్నాడు. "మనం వాయించినన్నాళ్ళూ ఆ మూడో చరణంలో ఏముందో నాకు తెలీదు. వాళ్ళ నాన్న గురించట. ఇవాళే తెలిసింది."

నా దగ్గర జవాబు లేదు. కీబోర్డు వాడి నాన్న రైల్వేలో చేసేవారు, మేం ఆ పాట కడుతున్న ఏడాదే పోయారు. పదకొండు నిమిషాల హోరులో ఆ చరణాన్ని ముంచేసింది మేమే. అందులో నా బేస్ పాత్ర కూడా తక్కువేం కాదు. అది ఒప్పుకుంటూనే అడుగుతున్నా, ఆ చరణం వినపడాలంటే డ్రమ్మర్ పోవాలా? ఆ నాలుగు పంక్తుల దగ్గర మేం ఆగితే సరిపోయేది. గ్రేట్‌ఫుల్ డెడ్ డ్రమ్మర్ మికీ హార్ట్ కూడా, తండ్రి చేసిన పనికి తల ఎత్తుకోలేక 1971లో బ్యాండు వదిలి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు అతని చోటులో పెట్టె పెట్టలేదు. ఉన్న ఒక్క డ్రమ్మరుతో లాక్కొచ్చారు. 1974లో అతను ఒక రాత్రి కచేరీ దగ్గరికి వచ్చి కూర్చున్నాడు, వాయించాడు, మళ్ళీ ఉండిపోయాడు.

గిటారు వాడికి ఫోన్లో ఇదంతా చెప్పాను. నెలకొక్క ఆదివారం, సాయంత్రం ఆరింటికి, అసలు పాట, అసలు లెక్కలో, మూడో చరణం దగ్గర అందరూ నోరు మూసుకుని. హాలు అద్దె నేను పెట్టుకుంటా. మిగతా మూడు శనివారాలు పెట్టెతో ఎంత మెత్తగా పాడుకున్నా చప్పట్లు కొడతా, కాఫీ కూడా కొంటా. "బేస్ ఎవరు?" అన్నాడు. బేస్ ఎక్కడ దొరుకుతుందో చూస్తున్నా.

డ్రమ్ కిట్టు బీరంగూడలో వాడి మేనమామ గారింట్లో మంచం కింద ఉందట. రెండు తోళ్ళు చిరిగాయి, ఒక సింబల్ మీద అత్తయ్యగారు అప్పడాలు ఎండబెట్టేవారట. ఆదివారం పొద్దున వెళ్ళి తెచ్చుకుంటున్నాం.